పొదుపు సొమ్ముకు పూచీ

పాత యిండ్ల పునాదులు త్రవ్వునపుడు లంకెబిందెలు దొరికినవను మాట మన పల్లెలలో నేటికిని వినబడుచుండును. అవి నిజముగా దొరికినను దొరకకున్నను, ఆ మాట వెనుక ఒక చరిత్ర కలదు. కూడబెట్టిన సొమ్మును పరాయివాని చేతికి ఇచ్చుటకంటె మట్టికి అప్పగించుటయే మేలని మన పూర్వులు చాలకాలము తలచిరి. మట్టి వడ్డీ ఇయ్యదు. కాని దివాలా తీయదు. ఈ తలంపును మాన్పించి జనుల పొదుపును బ్యాంకులకు రప్పించుట సులభముగా జరుగలేదు. పలుమారు బ్యాంకులు నమ్మించినవి. పలుమారు ఆ నమ్మకము కూలినది. కూలిన ప్రతిసారియు నష్టపడినవారిలో పెక్కురు చిన్న ఉద్యోగులు, వితంతువులు, పింఛనుదారులు, ఆడపిల్ల పెండ్లికని నాలుగు రూకలు వెనుక వేసికొన్న తల్లిదండ్రులు. అట్టివారి కొరకు ఏర్పడిన రక్షణయే డిపాజిట్ల బీమా. అది ఎట్లు పుట్టినది, ఎట్లు పెరిగినది, నేడు మనకు ఎంతవరకు అండగా నిలుచుచున్నది అను విషయములను మేము ఈ ప్రసంగమున వివరింపదలచితిమి.

బ్యాంకు పనిచేయు తీరును ముందుగా తెలిసికొనినగాని ఈ కథ అర్థము కాదు. మనము బ్యాంకులో నూరు రూపాయలు వేసితిమనుకొందము. బ్యాంకువారు ఆ నూరును ఇనుపపెట్టెలో పెట్టి తాళము వేయరు. కొంత నగదుగా ఉంచుకొని, కొంత ప్రభుత్వ పత్రములలో పెట్టి, మిగిలిన దానిని వర్తకులకును, రైతులకును, పరిశ్రమలకును అప్పుగా ఇత్తురు. ఆ అప్పులపై వచ్చు వడ్డీ నుండియే మనకు వడ్డీ ముట్టును. మనము అడిగినపుడెల్ల సొమ్ము తిరిగి వచ్చుచున్నదనినచో, అందరమును ఒకే దినమున అడుగుట లేదు గనుకనే వచ్చుచున్నది.

ఇపుడు ఊరిలో ఒక వదంతి పుట్టినదనుకొందము. ఫలానా బ్యాంకు పని అయిపోయినదని సంతలో ఎవరో అనిరి. ముందు పోయినవానికి దక్కును, వెనుక పోయినవానికి దక్కదని ప్రతివాడును పరుగెత్తును. అట్లు పరుగెత్తుటలో ఏ యొక్కనిదియు తెలివితక్కువ కాదు. కాని అందరును కలిసి పరుగెత్తినపుడు, బాగుగా నడుచుచున్న బ్యాంకు సైతము నిలువలేదు. ఇచ్చిన అప్పులు గడువు తీరక మునుపు వసూలు కావు, చేతనున్న నగదు చాలదు, తలుపులు మూతబడును. మొదట అబద్ధమైన వదంతియే కడకు నిజమగును. ఈ చిక్కు ఖాతాదారుని మంచితనముచేత గాని, బ్యాంకు అధికారి నిజాయితీచేత గాని తీరునది కాదు. దానికి వెలుపలినుండి ఒక పూచీ కావలెను.

మన ప్రాంతపు అనుభవమునే మొదట తీసికొందము. కోస్తా జిల్లాలును రాయలసీమయు మద్రాసు రాజధానిలో చేరియున్న దినములవి. అర్బత్‌నాట్ కంపెనీ మద్రాసులోని పెద్ద ఆంగ్ల వర్తక గృహములలో ఒకటి. దొరల కంపెనీ కదా యని జనులు తమ సొమ్మును అందులో దాచుకొనిరి. 1906 అక్టోబరులో ఆ కంపెనీ దివాలా తీసినది. దాని అధిపతి సర్ జార్జి అర్బత్‌నాట్‌కు న్యాయస్థానము కారాగార శిక్ష విధించినది. కాని శిక్ష వలన ఖాతాదారుల సొమ్ము తిరిగి రాలేదు. పరాయివారిని నమ్మి చెడితిమను బాధ నుండియే 1907లో వి. కృష్ణస్వామి అయ్యరు మొదలగువారి పూనికతో ఇండియన్ బ్యాంకు వెలసినది. స్వదేశీ ఉద్యమము ఆ యుత్సాహమునకు తోడైనది.

అయితే యజమాని స్వదేశీయుడైనంత మాత్రమున సొమ్ము భద్రమగునా? కాదని 1913వ సంవత్సరము తెలిపినది. లాహోరులోని పీపుల్సు బ్యాంకును, బొంబాయిలోని ఇండియన్ స్పీషీ బ్యాంకును ఆ యేట కూలినవి. వాని వెంట అనేక చిన్న బ్యాంకులు మూతబడినవి. కొన్నింట మూలధనము చాలదు. కొన్నింట డైరెక్టర్లు తమ సొంత వ్యాపారములకే అప్పులు పెట్టుకొనిరి. కొన్ని సాహస వ్యాపారములలో మునిగినవి. ఆ యెదురుదెబ్బల నడుమనే మంచి ప్రయత్నములును సాగినవి. 1923లో మచిలీపట్నమున డాక్టరు భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు స్థాపించిన ఆంధ్రా బ్యాంకు అట్టిది. అది 1980లో జాతీయమై, 2020లో యూనియన్ బ్యాంకులో విలీనమగు వరకు తెలుగువారి పొదుపునకు ఒక ఆశ్రయముగా నుండెను.

1935 ఏప్రిల్ 1వ తేదీన రిజర్వు బ్యాంకు ఏర్పడినపుడు, ఇక బ్యాంకులకు పెద్దదిక్కు దొరికినదని పలువురు తలచిరి. మూడేండ్లు దాటిన కొలదికాలమునకే, 1938 జూనులో, ట్రావన్కూరు నేషనల్ అండ్ క్విలన్ బ్యాంకు చెల్లింపులు నిలిపివేసినది. ఆ భయము దక్షిణ దేశమందలి యితర బ్యాంకులకును ప్రాకినది. కేంద్ర బ్యాంకు ఉన్నంత మాత్రమున డిపాజిటుదారునకు రక్షణ కలుగదని అప్పుడు తేటపడినది. కేంద్ర బ్యాంకు నగదు కొరతను తీర్చగలదు. పోయిన ఆస్తిని పుట్టింపలేదు. పైగా ఏ బ్యాంకును ఆదుకొనవలెనో, దేనిని విడువవలెనో అది తన వివేకమును బట్టి నిర్ణయించుకొనును. డిపాజిటుదారునకు కావలసినది మరియొకరి వివేకము కాదు, చట్టము ఇచ్చిన హక్కు.

ఈ హక్కును పెద్ద యెత్తున మొదట కల్పించిన దేశము అమెరికా. దాని మూలము మాత్రము చైనాలో కలదు. కాంటన్ రేవులో విదేశీ వాణిజ్యము చేయుటకు అనుమతి పొందిన వర్తకులు ఒకరి అప్పులకు ఒకరు పూచీపడు ఆచారమొకటి యుండెను. ఆ ఆచారమును ఆదర్శముగా గొని జాషువా ఫోర్మన్ అను నాతడు చేసిన సూచనపై న్యూయార్కు రాష్ట్రము 1829లో ఒక రక్షణనిధిని ఏర్పరచినది. బ్యాంకులన్నియు తలా కొంత చందా వేసి, వానిలో ఒకటి చెడినచో ఆ నిధినుండి అప్పులు తీర్చుట దాని పద్ధతి. చెరువు గట్టు తెగినపుడు ఆయకట్టు రైతులందరును తలా తట్ట మట్టి వేసినట్టి యేర్పాటిది. కాని నిధి చిన్నది, ఆపద పెద్దది. అట్టి పథకములు అప్పటికి నిలువలేదు.

1929 తరువాతి మహామాంద్యమున అమెరికాలో వేలకొలది బ్యాంకులు కూలినవి. 1933 మార్చిలో రూజ్వెల్టు అధ్యక్షపదవి చేపట్టిన వెంటనే దేశమందలి బ్యాంకులన్నింటిని కొన్ని దినములు మూసివేయవలసి వచ్చినది. ఆ యేటి జూనులో బ్యాంకింగు చట్టము వచ్చినది. డిపాజిట్ల బీమాకు శాసనసభలో హెన్రీ స్టీగల్, ఆర్థర్ వాండెన్‌బర్గ్ అనువారు పట్టుబట్టిరి. బలమైన బ్యాంకుల సొమ్ముతో బలహీనమైన వానిని పోషించుట న్యాయము కాదని పెద్ద బ్యాంకర్లు వాదించిరి. రూజ్వెల్టుకు సైతము మొదట ఈ యేర్పాటుపై ఇష్టము లేదు. అయినను 1934 జనవరి 1వ తేదీ నుండి ఒక్కొక్కరికి 2,500 డాలర్ల వరకు బీమా అమలులోనికి వచ్చినది. 1933లో దాదాపు నాలుగువేల బ్యాంకులు చెల్లింపులు ఆపగా, 1934లో బీమా గల బ్యాంకులలో తొమ్మిది మాత్రమే కూలినవి. బలహీనమైన బ్యాంకులు అప్పటికే తొలగిపోవుట అందుకు ఒక కారణమే. కాని పరుగు ఆగుట ముఖ్యమైన కారణము. నా సొమ్ము ఎటులైనను వచ్చునని తెలిసినవాడు తెల్లవారుజామున వరుసలో నిలువడు గదా!

మన దేశమున ఈ యోచన మొదట 1948లో తలయెత్తినది. దేశవిభజన తరువాత బెంగాలులో బ్యాంకులు వరుసగా చిక్కులలో పడినవి. ముందు రిజర్వు బ్యాంకు ప్రతి బ్యాంకును తనిఖీ చేయగల శక్తి సంపాదించుకొనవలెను, తరువాతనే బీమా యని అప్పటి నిర్ణయము. అందు న్యాయము లేకపోలేదు. లోపల ఏమున్నదో చూడని యింటికి ఎవరు పూచీపడుదురు? 1949లో బ్యాంకింగు కంపెనీల చట్టము వచ్చి తనిఖీకి బలమిచ్చినది. 1950లో గ్రామీణ బ్యాంకింగు విచారణ సంఘమును, 1954లో ష్రాఫ్ కమిటీయు బీమా యోచనను బలపరచినవి. అయినను అది కాగితము దాటలేదు.

కాగితము దాటించినది కేరళ దుఃఖము. పాలై పట్టణములో 1927లో పుట్టిన పాలై సెంట్రల్ బ్యాంకు 1960 నాటికి కేరళలోని పెద్ద బ్యాంకు. దాని అప్పులలో చాలభాగము వసూలు కానివని తనిఖీలలో తేలినది. రిజర్వు బ్యాంకు కోరికపై 1960 ఆగస్టులో కేరళ హైకోర్టు ఆ బ్యాంకు మూసివేతకు ఉత్తరువిచ్చినది. వేలాది కుటుంబముల పొదుపు ఒక్క దినమున చిక్కువడినది. ఆ యేటనే మహారాష్ట్రమున లక్ష్మీ బ్యాంకు కూలినది. రిజర్వు బ్యాంకు ముందే ఎందుకు మేలుకొనలేదని కొందరును, అంత తొందరగా ఎందుకు మూసినదని కొందరును పార్లమెంటులో నిలదీసిరి. రెండు ప్రశ్నలకును మూలమున ఒకే లోటు కలదు. చెడిన బ్యాంకును మూసినచో పేదవాని సొమ్ము పోవును. మూయకున్నచో ఇంకను ఎక్కువమంది సొమ్ము పోవును. బీమా లేనంతకాలము పాలకులకు ఈ రెండు చెడ్డదారులే గతి.

మొరార్జీ దేశాయి ఆర్థికమంత్రిగా నున్న కాలమున, 1961 ఆగస్టులో డిపాజిట్ల బీమా సంస్థ బిల్లు పార్లమెంటు ముందుకు వచ్చినది. డిసెంబరు 7వ తేదీన రాష్ట్రపతి ఆమోదము పొంది, 1962 జనవరి 1వ తేదీనుండి అమలయినది. సంస్థకు మూలధనమైన ఒక కోటి రూపాయలు రిజర్వు బ్యాంకు సమకూర్చినది. ఆరంభమున 287 బ్యాంకులు నమోదైనవి. ఒక్కొక్క డిపాజిటుదారునకు ఒక్కొక్క బ్యాంకులో 1,500 రూపాయల వరకు పూచీ లభించినది. అందుకు బ్యాంకులు చెల్లింపవలసిన ప్రీమియము ప్రతి నూరు రూపాయల డిపాజిట్టుకు ఏడాదికి 5 నయాపైసలు. ఆ ప్రీమియము భారము బ్యాంకుదే. దానిని ఖాతాదారుని నెత్తిన వేయరాదు. మరియు ఇందు చేరుట బ్యాంకు ఇష్టాయిష్టములకు విడువలేదు. మంచి బ్యాంకులు తప్పుకొని చెడ్డవి మాత్రమే మిగిలినచో ఏ బీమాయు నిలువదు గనుక అందరిని చేర్చుట అవసరమయ్యెను.

పూచీ యిచ్చినవాడు పట్టించుకొనక తప్పదు. బీమా వచ్చిన తరువాత బలహీనమైన చిన్న బ్యాంకులను పెద్దవానిలో కలుపుటకు రిజర్వు బ్యాంకు త్వరపడినది. 1967 చివరకు బీమా గల బ్యాంకుల సంఖ్య 287 నుండి 100కు దిగినది. వీనిలో చాల బ్యాంకులు ఖాతాదారులను ముంచి పోలేదు. మరియొక బ్యాంకు పేరుతో వారికి సేవ చేయసాగినవి. మూతపడకమునుపే మార్గము చూపుట బీమా వలన కలిగిన మొదటి మేలు.

1968లో చట్టమును సవరించి సహకార బ్యాంకులకును ఈ రక్షణను విస్తరింపజేసిరి. 1971 నుండి రాష్ట్రముల వారీగా అది అమలునకు వచ్చినది. 1978లో పరపతి హామీ సంస్థను ఇందు కలిపి, డిపాజిట్ల బీమా, పరపతి హామీ సంస్థయని పేరుపెట్టిరి. పరిమితియు మెల్లమెల్లగా పెరిగినది. 1968లో 5,000 రూపాయలు, 1970లో 10,000, 1976లో 20,000, 1980లో 30,000, 1993లో ఒక లక్ష. అటుపిమ్మట ఇరువదియేడు సంవత్సరములు కదలలేదు. ఆ యేండ్లలో ధరలు ఎన్ని మెట్లెక్కినవో చెప్పనక్కరలేదు. 1993లో లక్ష రూపాయలు ఒక గృహస్థుని జీవితకాలపు పొదుపు కావచ్చును. 2019 నాటికి అది పట్టణమున ఒక యేటి ఖర్చులకైనను చాలని మొత్తము. అంకె మారకున్నను అండ తగ్గుచు వచ్చినది. 2020 ఫిబ్రవరి 4వ తేదీనుండి పరిమితి 5 లక్షలయినది. బ్యాంకులు కట్టు ప్రీమియమును ఆ యేటి ఏప్రిల్ నుండి నూటికి 12 పైసలయినది. 2021 మార్చి నాటి లెక్కలనుబట్టి నూటికి 98 ఖాతాలకు పూర్తి పూచీ కలదు. మొత్తము డిపాజిట్ల విలువలో మాత్రము పూచీ గలది సగము ప్రాంతమే. అనగా ఈ కవచము చిన్నవాని కొలతకు కుట్టినది. పెద్దమొత్తములవారు తమ బ్యాంకు నడవడిని తామే కనిపెట్టి యుండవలెనను ఉద్దేశము అందు ఇమిడియున్నది.

సహకార బ్యాంకులకు బీమా కల్పించుట ఎంత అవసరమో తెలుగువారికి చేదు అనుభవముచేతనే తెలిసినది. 2000 తరువాతి తొలి యేండ్లలో హైదరాబాదు, సికింద్రాబాదు నగరములందలి కృషి, చార్మినార్, ప్రుడెన్షియల్ మొదలగు పట్టణ సహకార బ్యాంకులు కూలినవి. హెచ్చు వడ్డీకి ఆశించి వచ్చినవారును, తెలిసినవారు నడుపుచున్నారని నమ్మి వచ్చినవారును సమానముగా వీధినబడిరి. నాటి పరిమితి లక్ష రూపాయలు. ఆ లోపు గలవారికి బీమా సంస్థ ఆధారమైనది. ఆపైన దాచినవారు బ్యాంకు ఆస్తుల అమ్మకము కొరకును, న్యాయస్థానముల తీర్పుల కొరకును ఎదురుచూడవలసి వచ్చినది.

ఎదురుచూపులు అనుమాటయే ఈ చరిత్రలోని పెద్ద లోపమును తెలుపును. పూర్వపు పద్ధతిలో బ్యాంకు లైసెన్సు రద్దయి, లిక్విడేటరు నియమింపబడి, అతడు జాబితా పంపిన పిమ్మటనే బీమా సొమ్ము కదలెడిది. అంతకు ముందే రిజర్వు బ్యాంకు ఆంక్షలు విధించి సొమ్ము తీయుటను ఆపినచో, ఖాతా ఉండియు లేని స్థితి సంవత్సరముల తరబడి సాగెడిది. 2019 సెప్టెంబరులో పంజాబు, మహారాష్ట్ర సహకార బ్యాంకుపై ఆంక్షలు వచ్చినపుడు ఖాతాదారునకు మొదట వేయి రూపాయలు మాత్రమే తీసికొన వీలు కలిగెను. ఆసుపత్రి ఖర్చు, బిడ్డ చదువు, ఇంటి అద్దె ఇవి ఆంక్షలు తొలగువరకు ఆగవు. ఆలస్యముగా నెరవేరిన పూచీ సగము పూచీయే.

ఈ సత్యమును ఆంగ్లదేశమును 2007లో ఎరిగినది. అక్కడి పథకము మొదటి 2,000 పౌండ్లకు పూర్తిగాను, తరువాతి 33,000 పౌండ్లకు నూటికి తొంబది వంతునను పూచీ ఇచ్చెడిది. నార్తరన్ రాక్ అను బ్యాంకు చిక్కులలో పడగానే, ఆ పదవ వంతు పోవునను భయముతో జనులు శాఖల ముందు బారులు తీరిరి. ప్రభుత్వము స్వయముగా పూచీపడినగాని వరుసలు తగ్గలేదు. బీమా ఉన్నను అరకొరగా ఉన్నచో పరుగు ఆగదని లోకమునకు తెలిసినది.

మన దేశమున ఆలస్యపు లోపమును సరిదిద్దుటకు 2021లో చట్టమును సవరించిరి. ఆ సెప్టెంబరు 1వ తేదీనుండి అది అమలగుచున్నది. దాని ప్రకారము, సొమ్ము తీయుటపై రిజర్వు బ్యాంకు ఆంక్షలు విధించిన బ్యాంకు 45 దినములలో డిపాజిటుదారుల జాబితాను బీమా సంస్థకు పంపవలెను. సంస్థ దానిని పరిశీలించి, ఆంక్షలు మొదలైన నాటినుండి సాధారణముగా 90 దినములలో పరిమితి లోపలి సొమ్మును చెల్లింపవలెను. బ్యాంకు బ్రతుకునా చచ్చునా అను తీర్పు వచ్చువరకు ఖాతాదారుడు ఆకలితో ఉండనక్కరలేదన్నమాట.

ఇక ఖాతాదారుడు గుర్తుంచుకొనవలసిన సంగతులు కొన్ని కలవు. పరిమితి అసలు, వడ్డీ కలిపి లెక్కింపబడును. ఒకనికి అసలు 4,80,000 రూపాయలు, చేరిన వడ్డీ 30,000 రూపాయలు ఉన్నచో, సంస్థ ఇచ్చునది 5 లక్షలే. మిగిలిన 10,000 రూపాయలకు అతడు లిక్విడేటరు చేతి వైపు చూడవలెను. ఒకే బ్యాంకులో విజయవాడ శాఖయందు మూడు లక్షలు, వరంగల్లు శాఖయందు మూడు లక్షలు ఉంచినను, రెండును ఒకే పేర ఉన్నచో కలిపి 5 లక్షలకే పూచీ. వేరు బ్యాంకులలో ఉంచినచో దేని పరిమితి దానిదే. సేవింగ్సు, కరెంటు, ఫిక్సెడ్, రికరింగు ఖాతాలన్నియు ఇందు చేరును. ఖాతాదారుడు ఆ బ్యాంకుకు బాకీ ఉన్నచో దానిని మినహాయించుకొని లెక్కకట్టుదురు.

పూచీ లేని చోట్లును తెలియవలెను. బ్యాంకు కాని ఫైనాన్సు కంపెనీలలో వేసిన డిపాజిట్లకు ఈ బీమా వర్తింపదు. చీటీ పాటల సొమ్మునకును, గ్రామములందలి ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘములలో దాచిన సొమ్మునకును ఇది లేదు. పేరునందు బ్యాంకు వంటి మాట యున్నంత మాత్రమున మోసపోరాదు. బీమా గల బ్యాంకులు ఆ విషయము తెలుపు పత్రమును తమ శాఖలలో ప్రదర్శింపవలసి యున్నది. సొమ్ము కట్టుటకు ముందు దానిని చూపుడని అడుగుట సిగ్గుపడవలసిన పని కాదు. అది ఖాతాదారుని హక్కు.

పూచీ యున్నదను ధైర్యముతో బ్యాంకులు సాహసములకు దిగవా, ఖాతాదారులు వడ్డీనే చూచి మంచిచెడ్డలు మరువరా యను ఆక్షేపణ 1933 నాటినుండియు వినబడుచున్నది. అది త్రోసివేయదగినది కాదు. అందువలననే పరిమితి ఉన్నది, తనిఖీ ఉన్నది. కాని ఆ ఆక్షేపణ చేయువారు ఒక్క మాట తలపవలెను. బ్యాంకు లెక్కలను చదివి లోపములను కనిపెట్టుట తనిఖీ అధికారులకే కష్టమైనపుడు, నెలకొకసారి పాసుపుస్తకము పట్టుకొని వచ్చు కూలిమనిషి ఎట్లు కనిపెట్టగలడు? అతడు చేయని తప్పునకు అతని కష్టార్జితమును జరిమానాగా తీసికొనుట ధర్మము కాదు. 1906లో మద్రాసునందును, 1960లో పాలైయందును ఆ జరిమానా కట్టినవారికి చట్టములో ఏ పూచీయు లేకుండెను. నేడు 5 లక్షల మేరకు కలదు. ధరలతోపాటు ఆ మేరను పెంచుచు, చెప్పిన గడువులోపల చెల్లించుచు ఉన్నంతకాలమే ఆ పూచీ విలువ నిలుచును.